కనేవాళ్లను అడగని జనాభా చర్చ

తెలుగు రాష్ట్రాల్లో జనాభా గురించి పాలకులు చెప్పే మాట ఇటీవలి సంవత్సరాల్లో పూర్తిగా తిరగబడింది. ఇద్దరితో ఆపమని దశాబ్దాలపాటు గోడల మీద రాయించిన ప్రభుత్వాలు ఇప్పుడు ఇంకొకరిని కనమంటున్నాయి. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనాలని పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారికే స్థానిక ఎన్నికల్లో పోటీచేసే అర్హత ఉండేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందనీ చెప్పారు. ఆ వెంటనే తమిళనాడు ముఖ్యమంత్రి హోదాలో స్టాలిన్ చెన్నైలో సామూహిక వివాహాల వేదిక మీద పదహారు సంపదలు కలగాలనే పాత ఆశీర్వచనాన్ని పిల్లల సంఖ్యతో ముడిపెట్టి గుర్తుచేశారు. నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ, పురపాలక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే పాత నిబంధనను రద్దు చేసింది. డిసెంబరు మొదట్లో ఆరెస్సెస్ అధినేత మోహన్ భాగవత్ నాగపూర్‌లో ప్రతి కుటుంబానికీ ముగ్గురు పిల్లలుండాలన్నారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ, మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయలు డిపాజిట్ చేస్తాననీ, మగపిల్లాడు పుడితే ఆవును ఇస్తాననీ ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరులో తెలంగాణ మంత్రివర్గం కూడా ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేయాలని నిర్ణయించింది.

వీళ్ల కారణాలు ఒకటి కావు. ఒకరికి లోక్‌సభ సీట్లు తగ్గిపోతాయన్న భయం, ఒకరికి ముసలివాళ్లు పెరిగి పనిచేసే చేతులు తగ్గుతాయన్న ఆందోళన, మరొకరికి సమాజం అంతరించిపోతుందన్న దిగులు. కానీ అందరూ వేసుకున్న ప్రశ్న ఒక్కటే: ఎందరిని కనాలి? ఆ ప్రశ్న వేసినవాళ్లూ, జవాబు చెప్పినవాళ్లూ, ఆ జవాబు మీద టీవీల్లో వాదించుకున్నవాళ్లూ దాదాపు అందరూ మగవాళ్లే. తొమ్మిది నెలలు మోసేవాళ్లను, కోత కోయించుకునేవాళ్లను, కాన్పు తర్వాత పనికి పోలేక కూలి పోగొట్టుకునేవాళ్లను ఎవరూ పిలిచి అడగలేదు. మహిళలకు చోటివ్వడం మర్యాద కోసమో, వేదిక నిండుగా కనిపించడం కోసమో చేయాల్సిన పని అనుకుంటే పొరపాటు. వాళ్లు లేని చర్చ అసలు ప్రశ్ననే తప్పుగా వేసుకుంటుంది. తప్పు ప్రశ్నకు ఎంత తెలివైన జవాబు చెప్పినా అది తప్పు విధానంగానే మారుతుంది. తెలుగు నేల మీద గత యాభై ఏళ్ల అనుభవం ఇదే చెబుతోంది.

ఇప్పటి పిలుపునే చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మధ్య వయసున్న వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశంలో ఇంత ఎక్కువ నిష్పత్తి ఇంకెక్కడా లేదు. దేశ సగటు 38 శాతం. తెలంగాణలోనూ అరవై శాతం దాటింది. వీళ్లలో ఎక్కువమందికి పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్ అయిపోయింది. ఆ ఆపరేషన్ శాశ్వతం. మళ్లీ నాళాలు కలిపే శస్త్రచికిత్స ఉన్నా అది పెద్ద ఆపరేషన్, ఫలితం నమ్మకం లేనిది, పేదలకు అందుబాటులో లేనిది. అంటే మూడో బిడ్డను కనమని ముఖ్యమంత్రి పిలుపునిచ్చిన రోజునే, ఆ పిలుపు అందుకోవాల్సిన వివాహితల్లో మూడింట రెండు వంతులకు పైగా, తలచుకున్నా కనలేని స్థితిలో ఉన్నారు. ఇక ఆ భారమంతా పడేది ఎవరి మీద? ఇంకా ఆపరేషన్ కానివాళ్ల మీద, అంటే కొత్తగా పెళ్లయిన పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లల మీద. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో ఎనిమిదో వంతు మంది అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు. ఎక్కువమంది పిల్లలన్న మాట చట్టసభలో ఒక అంకెగా వినపడుతుంది. ఇంట్లో అది చదువు మానేసిన కోడలి మీద అత్తగారి మాటగా దిగుతుంది. ఒక ఏఎన్‌ఎంనో, ఆశా కార్యకర్తనో, నలుగురు పిల్లల తల్లినో ఆ చర్చలో కూర్చోబెట్టి ఉంటే ఈ సంగతి మొదటి నిమిషంలోనే బయటపడేది.

ఈ 70 శాతం ఎలా వచ్చిందో కూడా గుర్తు చేసుకోవాలి. కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రభుత్వమే నడపడం ప్రపంచంలో మొదట మన దేశంలో, 1952లో మొదలైంది. తొలి రోజుల్లో మగవాళ్ల ఆపరేషన్లే ఎక్కువ. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే వాటిలో 60 లక్షలకు పైగా వేసెక్టమీలు. బలవంతపు ఆపరేషన్ల మీద మగవాళ్లలో రగిలిన కోపం 1977 ఎన్నికల్లో ప్రభుత్వాన్ని పడగొట్టిన కారణాల్లో ఒకటి. పాలకులు ఆ దెబ్బ నుంచి ఒక పాఠం నేర్చుకున్నారు. బలవంతం తప్పని నేర్చుకుని ఉంటే బాగుండేది. వాళ్లు నేర్చుకున్నది మగవాళ్ల జోలికి పోవద్దని. లక్ష్యాలు అలాగే ఉండి, కత్తి ఆడవాళ్ల వైపు మళ్లింది. వేసెక్టమీ చిన్న ఆపరేషన్. కడుపు కోయాల్సిన పని లేదు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. ట్యూబెక్టమీ అంతకంటే కష్టం, ప్రమాదం కూడా ఎక్కువ. అయినా ఆంధ్రప్రదేశ్‌లో భర్త ఆపరేషన్ చేయించుకున్న జంటలు నూటికి ఒక్కటి కూడా లేవు. మగతనం పోతుందని, బరువులు ఎత్తలేరని పుట్టిన అపోహలను పోగొట్టేందుకు గట్టి ప్రయత్నం జరిగిన చోట, ఒకప్పటి కరీంనగర్ జిల్లాలో లాగా, మగవాళ్లు ముందుకు వచ్చిన సందర్భాలున్నాయి. కాబట్టి ఇది స్వభావం వల్ల వచ్చిన తేడా కాదు. ఎవరి శరీరాన్ని ముట్టుకుంటే ప్రభుత్వానికి రాజకీయంగా నష్టం లేదో లెక్కవేసి చేసిన ఎంపిక. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా విధానం ప్రకటించి, నగదు ప్రోత్సాహకాలతో ఆపరేషన్లను ఉధృతం చేసినప్పుడూ జరిగింది ఇదే. 1992-93లో 2.6గా ఉన్న సంతాన రేటు 2005-06కల్లా 1.8కి దిగింది. ఆడవాళ్ల చదువు, పెళ్లి వయసు పెద్దగా పెరగకుండానే ఈ రాష్ట్రం దీన్ని ఎలా సాధించిందని జనాభా శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. ఆ విజయం ఖర్చంతా పాతికేళ్లలోపు పల్లెటూరి ఆడవాళ్ల పొత్తికడుపు మీద పడింది.

ఆ ఖర్చు ఎలా ఉంటుందో రెండు ఊళ్ల పేర్లు చెబితే చాలు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో కొద్ది గంటల్లోనే 83 మందికి ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా చనిపోయారు. దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఆపరేషన్ల శిబిరాల పద్ధతినే మూడేళ్లలో ఆపేయమని ప్రభుత్వాలను కోరింది. ఆ గడువు దాటిన దాదాపు మూడేళ్లకు, 2022 ఆగస్టులో, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. నలుగురూ పిల్లల తల్లులు. శిబిరంలో ఎంతసేపు కూర్చోబెడతారు, ముందు ఏం చెబుతారు, నొప్పి వస్తే ఎవరు చూస్తారు అన్న సంగతులు ఆపరేషన్ చేయించుకున్న ఏ మహిళనడిగినా చెబుతుంది. కానీ లక్ష్యాలను రాసినవాళ్లు ఆమెను అడగాల్సిన మనిషిగా చూడలేదు.

ఇద్దరు పిల్లల నిబంధనది మరీ బాధ కలిగించే కథ. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు దక్కాయి. ఆ మార్పును రాష్ట్రంలోకి తెచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టమే ఇద్దరికి మించి పిల్లలుంటే అనర్హత అనే నిబంధననూ తెచ్చింది. ఒక చేత్తో తలుపు తీసి, ఇంకో చేత్తో గడియ పెట్టినట్టయింది. ఎప్పుడు కనాలో, ఎందరిని కనాలో నిర్ణయించే అధికారం తన చేతిలో లేని స్త్రీ, ఆ సంఖ్య కారణంగానే పదవికి దూరమైంది. ఈ నిబంధన ఎమ్మెల్యేలకూ ఎంపీలకూ ఏనాడూ వర్తించలేదు. దాన్ని చేసినవాళ్లు దాని పరిధిలో లేరు. 1999లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు బి.కె. పార్థసారథి కేసులో, పిల్లల్ని కనాలా వద్దా అన్న నిర్ణయం వ్యక్తిగత గోప్యతకు సంబంధించినదని ఒప్పుకుంటూనే అనర్హతను సమర్థించింది. 2003లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి చట్టానికి ఆమోదముద్ర వేసింది. దాని ఫలితం ఏమిటో తెలుసుకోవడానికి ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో విశ్రాంత ఐఏఎస్ అధికారి నిర్మలా బుచ్ నాయకత్వంలో ఒక అధ్యయనం జరిగింది. పదవి కోసం గర్భిణి భార్యను వదిలేసిన భర్తలు, బలవంతపు గర్భస్రావాలు, పుట్టిన బిడ్డను దాచడం, దత్తతకిచ్చేయడం, లేదా తనదే కాదనడం అందులో బయటపడ్డాయి. 1994లో ఆ చట్టం మీద ఓటేసిన సభలో తగినంత మంది మహిళలుంటే, నిబంధన ఇంటి గడప దాటి లోపలికి వెళ్లాక ఎవరి మీద పడుతుందో ఎవరో ఒకరు అడిగేవారు. ఆ నిబంధన పోవడానికి ముప్పయ్యేళ్లు పట్టింది. నిబంధన రద్దయిన కారణంలో కూడా ఆ స్త్రీల బాధ లేదు, జనాభా తగ్గుతోందన్న లెక్క మాత్రమే ఉంది.

మహిళలు మాట్లాడితే నిజంగా ఏమైనా మారుతుందా అని అడిగేవారికి మన దగ్గరే ఉదాహరణలున్నాయి. 1985లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను మహిళల మీద ప్రయోగించబోయారు. శాస్త్రవేత్తలకు అది ఎంత సమర్థంగా పనిచేస్తుందన్న ప్రశ్న. అక్కడికి వెళ్లిన స్త్రీశక్తి సంఘటన సభ్యులు వేసిన ప్రశ్న వేరు: ఇది ప్రయోగమని వచ్చిన ఆడవాళ్లకు తెలుసా? తెలియదని తేలింది. ఆ సంఘం, మరికొన్ని మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. తెలిసి ఒప్పుకోవడం అంటే ఏమిటన్న చర్చ ఈ దేశంలో గట్టిగా సాగడానికి ఆ పోరాటం ఒక కారణం. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమమూ అలాంటిదే. అంతవరకూ సారా అంటే ఖజానా ఆదాయం. కూలి డబ్బు, తన్నులు, పిల్లల ఆకలి అనే లెక్కను ఆడవాళ్లు దాని పక్కన పెట్టాక 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం కూడా, స్థానం మహిళకు రిజర్వ్ అయిన ఊళ్లలో ఖర్చు ఊరి ఆడవాళ్లకు అవసరమైన పనుల వైపు, ముఖ్యంగా తాగునీటి వైపు మళ్లిందని చూపించింది. మనుషులు మారితే ప్రాధాన్యం మారుతుంది. జనాభా విషయంలో ఆ తేడా ఇంకా ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ ఖర్చు మోసేది ఒకే వర్గం.

పిల్లలు తండ్రులకూ పిల్లలే కదా, ఈ చర్చలో మగవాళ్లు మాట్లాడకూడదా అన్న అభ్యంతరం సహజం. తప్పకుండా మాట్లాడాలి. మాట్లాడే హక్కు అందరిదీ, వినాల్సిన బాధ్యత కూడా. మగవాడు వింటే ఏమవుతుందో చూపించిన తీర్పు మన హైకోర్టులోనే వచ్చింది. 1983లో టి. సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి, విడిగా ఉంటున్న భార్యను కాపురానికి రప్పించేలా కోర్టు ఆదేశాలిచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను కొట్టేశారు. ఆ సెక్షన్ రాతలో భార్యాభర్తలకు సమానమే. కానీ ఆ ఆదేశం అమలైతే గర్భం వచ్చేది ఎవరికని ఆయన ఆలోచించారు. ఒక స్త్రీ శరీరం మీద, ఆమె బిడ్డను కనాలా వద్దా అన్న దాని మీద నిర్ణయం ఆమె చేతిలోంచి రాజ్యం చేతిలోకి పోతుందని గుర్తించారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఆ తీర్పుతో విభేదించి సెక్షన్‌ను నిలబెట్టింది. అయినా ఆ తీర్పులోని చూపు పాతబడలేదు. కనుక మగవాళ్లు నోరు మూసుకోవాలన్న వాదన నాది కాదు. చెప్పేవాళ్లకు లేని బాధను మోసేవాళ్లకు, ఆ నిర్ణయంలో ఎక్కువ బరువు ఉండాలన్నదే నా వాదన. ఆ బరువు ఇప్పుడు తలకిందులుగా ఉంది. 2024లో ఎన్నికైన లోక్‌సభలో 543 మందికి 74 మందే మహిళలు. రెండు తెలుగు శాసనసభల్లోనూ వారి వాటా ఆరో వంతుకు చేరలేదు.

ఆడవాళ్లంతా ఒకేలా ఆలోచించరు కదా అన్నది రెండో అభ్యంతరం. నిజమే, ఆలోచించరు. మనవడి కోసం కోడలిని మూడో కాన్పుకు నెట్టే అత్తగారూ ఆడమనిషే. ఇంకొకరు ఉంటే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకునే తల్లులూ ఉన్నారు. వాళ్ల కోరికను చిన్నచూపు చూడకూడదు. గర్భస్రావాన్ని మతవిశ్వాసంతో వ్యతిరేకించే మహిళలూ ఉన్నారు. ఒక మంత్రినో, ఒక డాక్టర్‌నో పిలిచి మహిళల అభిప్రాయం తీసుకున్నామనుకుంటే చాలకపోవడానికి కారణం ఇదే. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగిని ఇబ్బంది వేరు, ఆమెకు కెరీర్ ఆగిపోతుందన్న భయం. గుంటూరు మిర్చి చేలల్లో కూలికి పోయే మనిషికి పాలిచ్చే బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలన్నది సమస్య. ఏజెన్సీలో గోండు, కోయ మహిళకు ఆసుపత్రి దూరమే పెద్ద ప్రమాదం. దళిత, ముస్లిం స్త్రీల విషయంలో జనాభా మాట ఎప్పుడూ నిందతో కలిసే వస్తుంది. పిల్లలు పుట్టనివాళ్లు, పిల్లలు వద్దనుకున్నవాళ్లు ఈ చర్చలో అసలు కనిపించరు. ఇన్ని రకాల అనుభవాలు ఉన్నాయి కాబట్టి మహిళల గొంతు అక్కర్లేదనడం ఎక్కడి తర్కం? మగవాళ్లూ ఒకేలా ఆలోచించరు. అయినా వాళ్లను పిలవడం ఎవరూ మానలేదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం నియోజకవర్గాల పునర్విభజన నుంచి వస్తుంది. జనాభాను అదుపు చేసిన దక్షిణాది రాష్ట్రాలకు అదే శిక్షగా మారకూడదన్న వాదనలో న్యాయముంది. ఆంధ్రప్రదేశ్‌కున్న 25, తెలంగాణకున్న 17 లోక్‌సభ సీట్ల వాటా తగ్గితే రెండు రాష్ట్రాలకూ నష్టమే, ఆ నష్టం ఆడవాళ్లకూ తగులుతుంది. అయితే దానికి మందు కాన్పు గదిలో లేదు. జనగణన లెక్క 2027 మార్చి 1 నాటి జనాభాకు వేస్తారు. ఇప్పుడు పిలుపు విని కనే బిడ్డలు ఆ లెక్కను మార్చేంత సంఖ్యలో పుట్టరు, వాళ్లు ఓటర్లయ్యేసరికి రెండు దశాబ్దాలు గడుస్తాయి. సీట్ల పంపకం పార్లమెంటులో, రాష్ట్రాల మధ్య బేరంలో తేలాల్సిన విషయం. నాయకులు ఢిల్లీలో గెలవాల్సిన పోరును గర్భసంచుల మీదికి నెట్టడం న్యాయం కాదు. 2023లో చేసిన 106వ రాజ్యాంగ సవరణ చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లు ఇస్తామంటూనే, దాని అమలును జనగణనకూ పునర్విభజనకూ ముడిపెట్టింది. ఆడవాళ్లు ఎందరిని కనాలో తేల్చే చర్చ ముందు జరిగిపోతోంది, వాళ్లు కూర్చోవాల్సిన కుర్చీలు మాత్రం తర్వాత వస్తాయంటున్నారు.

ఇది పిలుపు మాత్రమే, బలవంతం కాదు కదా అని కొందరంటారు. కు.ని. ఆపరేషన్లూ కాగితం మీద స్వచ్ఛందమే. ప్రోత్సాహకం, లక్ష్యం, పై అధికారి ఒత్తిడి, ఇంటి ఒత్తిడి కలిసినప్పుడు పేద స్త్రీకి అది ఆజ్ఞగానే చేరుతుంది. ఇతర దేశాల చరిత్ర కూడా హెచ్చరిస్తోంది. 1966లో రుమేనియా పాలకుడు చౌషెస్కు జనాభా పెంచడానికి గర్భస్రావాన్ని నిషేధించాడు. ఒక ఏడాది జననాలు దాదాపు రెట్టింపయ్యాయి, కొన్నేళ్లకే మళ్లీ తగ్గుముఖం పట్టాయి. నిషేధం ఎత్తేసిన 1989 నాటికి దొంగచాటు గర్భస్రావాల వల్ల వేలమంది స్త్రీలు చనిపోయారు. ప్రజాస్వామ్యాల్లో పద్ధతి మెత్తగా ఉండవచ్చు, చూపు మాత్రం అదే. 2016 చివర్లో దక్షిణ కొరియా ప్రభుత్వం ఏ జిల్లాలో పిల్లల్ని కనే వయసు స్త్రీలు ఎందరున్నారో గులాబీ రంగులో చూపే పటాన్ని విడుదల చేసింది. మమ్మల్ని పశువుల్లా లెక్కిస్తారా అని మహిళలు తిరగబడ్డాక దాన్ని తీసేసింది. పిల్లల కోసం ఆ దేశం ఎన్ని లక్షల కోట్లు ఖర్చుపెట్టినా 2023లో అక్కడి సంతాన రేటు 0.72కి పడిపోయింది. పని గంటలు, ఇంటి చాకిరీ, ఉద్యోగంలో వివక్ష గురించి అక్కడి ఆడవాళ్లు చెబుతున్నది వినకుండా డబ్బు పంచితే ఫలితం ఉండదని ఇంతకంటే స్పష్టంగా తెలియదు.

మన ఆడవాళ్లను అడిగితే ఏం చెబుతారో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, ప్రభుత్వ లెక్కల్లోనే చాలావరకు ఉంది. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే మహిళ రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికే వెచ్చిస్తోంది. మగవాడు 88 నిమిషాలు. ప్రైవేటు రంగంలో ప్రసూతి సెలవు ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు, ఆ తర్వాత కాన్పుకు 12 వారాలే. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ తెచ్చిన ఈ తేడా అలాగే ఉంది. ఆంధ్రప్రదేశ్ తన మహిళా ఉద్యోగులకు ఎన్నో కాన్పయినా పూర్తి ప్రసూతి సెలవు ఇస్తానంది. మంచిదే, కానీ పొలాల్లో, ఇటుక బట్టీల్లో, ఇళ్లలో పనిచేసే లక్షలమందికి అదేమీ లేదు. ప్రధానమంత్రి మాతృవందన యోజన డబ్బు మొదటి కాన్పుకు, రెండోసారి ఆడపిల్ల పుడితే ఇస్తారు. మూడో బిడ్డకు పైసా రాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం సిజేరియన్లే. రెండుసార్లు కోత పడ్డ కడుపుతో మూడో గర్భం మోయడం ఎంత ప్రమాదమో డాక్టర్లకు తెలుసు. గర్భసంచి తీయించుకున్న మహిళలు దేశంలో నూటికి ముగ్గురైతే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎనిమిదికి పైనే. ముప్పై దాటకముందే సంచి తీయించుకున్న మనిషికి ఏ పిలుపు అర్థవంతంగా వినిపిస్తుంది? ఇక మగపిల్లాడికి ఆవు, ఆడపిల్లకు డిపాజిట్ వంటి ప్రకటనలు, సదుద్దేశంతో చేసినవే కావచ్చు, బిడ్డ ఎవరన్నదాన్ని బట్టి విలువ కట్టే అలవాటును ఇంకోసారి బహిరంగంగా గుర్తుచేస్తాయి. 2019-21 సర్వేలో తెలంగాణలో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు 894 మంది ఆడపిల్లలే పుట్టినట్టు నమోదైన చోట, ఈ మాట ఎక్కడికి దారితీస్తుందో ఆలోచించాలి.

కనడం గురించి ఇంత మాట్లాడేవాళ్లు, వద్దనుకున్నప్పుడు స్త్రీకి ఏ దారి ఉందన్నది ప్రస్తావించనే లేదు. 1971 చట్టం ప్రకారం గర్భస్రావానికి పద్దెనిమిదేళ్లు నిండిన మహిళ అంగీకారం చాలు, భర్త సంతకం అక్కర్లేదు. పునరుత్పత్తి నిర్ణయం 21వ అధికరణం కింద వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 సెప్టెంబరులో అదే కోర్టు ఇచ్చిన తీర్పు 24 వారాల వరకున్న అవకాశాన్ని పెళ్లికాని స్త్రీలకూ వర్తింపజేసి, చట్టంలో లేని షరతులు పెట్టవద్దని డాక్టర్లకు చెప్పింది. అయినా భర్తను తీసుకురమ్మనే ఆసుపత్రులు తక్కువేమీ కాదు. సంతానం పెంచడమే రాష్ట్ర లక్ష్యమైతే, గర్భనిరోధకాల సరఫరా, సురక్షిత గర్భస్రావం ప్రభుత్వ ఆసుపత్రుల్లో మెల్లగా వెనక్కిపోతాయన్న భయం నిరాధారం కాదు. గతంలో ఆపరేషన్ల లక్ష్యం కోసం కాపర్-టీ, మాత్రల వంటి తాత్కాలిక పద్ధతులు వెనకబడ్డ చరిత్ర మనకుంది. స్త్రీ సంతానోత్పత్తి కుళాయిలాంటిది కాదు, అవసరం లేనప్పుడు కట్టేసి, కావాలన్నప్పుడు విప్పడానికి.

మరి చర్చ ఎలా జరగాలి? ఐర్లండ్ ఒక దారి చూపింది. కర్ణాటకకు చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్, గర్భస్రావం నిరాకరించడం వల్ల 2012లో గాల్వేలో చనిపోయింది. తర్వాతి ఏళ్లలో ఆ దేశం నిర్ణయాన్ని నాయకులకే వదిలేయకుండా, ఆడామగా, వయసు, ప్రాంతం నిష్పత్తి చూసి 99 మంది సాధారణ పౌరుల్ని ఎంపిక చేసింది. న్యాయమూర్తి మేరీ లఫాయ్ అధ్యక్షతన వాళ్లు నెలల తరబడి డాక్టర్లను, న్యాయనిపుణులను, అటువాళ్లనూ ఇటువాళ్లనూ విన్నారు. ఆ అనుభవం గుండా వెళ్లిన స్త్రీల మాటలు రికార్డు చేసి వినిపించారు. 2018 రెఫరెండంలో 66 శాతానికి పైగా ఓటర్లు గర్భస్రావ నిబంధన మార్పు వైపు నిలిచారు. ఆ ఫలితంతో ఏకీభవించనివాళ్లు కూడా, వాదన ఎవరూ వినకుండా జరిగిందని అనలేరు.

అలాంటి వేదికను మనం కొత్తగా కట్టుకోవాల్సిన పని కూడా లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దాదాపు ప్రతి ఊళ్లో మహిళా స్వయం సహాయక సంఘాలున్నాయి. నెలనెలా సమావేశమవుతాయి, లెక్కల పుస్తకాలు రాస్తాయి, మండల, జిల్లా సమాఖ్యలుగా కట్టుబడి ఉన్నాయి. ప్రభుత్వాలు ఇంతకాలం వాటిని తమ ప్రకటనలు వినడానికి పిలిచాయే తప్ప తాము వినడానికి పిలవలేదు. ఏ జనాభా విధానమైనా మంత్రివర్గం ముందుకు వెళ్లకముందు ఆ సంఘాల్లో చర్చకు రావాలి. అక్కడ వచ్చిన అభిప్రాయాలను, వ్యతిరేకమైనవాటితో సహా, తెలుగులో అచ్చువేసి శాసనసభ ముందుంచాలి. ముసాయిదా రాసే కమిటీలో సగానికి తగ్గకుండా మహిళలుండాలి, వారిలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, కూలికి పోయేవాళ్లు, ఏజెన్సీవాళ్లు ఉండాలి. మొదటి సమావేశంలో వాళ్ల ముందుంచాల్సిన కాగితం ఎందరు పుట్టాలన్న అంచనా కాకూడదు. ఇప్పటికే ఆపరేషన్ అయిన లక్షలమందిలో ఎందరు దాన్ని తమ ఇష్టంతో చేయించుకున్నారు, ఎందరికి ముందు అన్ని పద్ధతులూ చెప్పారు, ఆ తర్వాత ఎందరు నొప్పితో, రక్తస్రావంతో ఆసుపత్రుల చుట్టూ తిరిగారు, మళ్లీ బిడ్డ కావాలనుకున్నవాళ్లకు జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా నాళాలు కలిపే ఏర్పాటుందా, వాళ్ల భర్తల్లో ఎందరిని ఏనాడైనా ఎవరైనా ఆపరేషన్ సంగతి అడిగారా అన్న ప్రశ్నలు ఆ కాగితం మీద ఉండాలి.